సబ్బు మీద వెండిరంగు

నేనెంత బక్కగా ఉంటానంటే, పెళ్ళిచూపుల రోజున మా మావగారు నాకేసి చూస్తూనే, "పెళ్ళికొడుకు ఎనకాల వస్తన్నాడా?" అని అడిగాడు. గాలొస్తే ఎగిరిపోకుండా ఉండడానికే జేబుల నిండా స్పానర్లు వేసుకు తిరుగుతానని మా జంక్షన్లో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా నేనే. ఎదటివాడు నవ్వేలోపు నన్ను నేనే నవ్వేసుకుంటే, వాడికి నవ్వడానికి ఏమీ మిగలదని చిన్నప్పుడే కనిపెట్టాను. చదువు పేరుతో నేను నేర్చుకున్నది అదొక్కటే. ఏడో తరగతి దగ్గర బడికీ నాకూ చెల్లు.

ఇంత పలచటి ఒంటి మీద పదేళ్ళకి పైబడి ఒక డీజిలు ట్యాంకు మోస్తున్నాను. రేకు ట్యాంకు. అందులో చుక్క డీజిలు లేదు. నిండుగా ఉండి ఉంటే నాకు ఈ బరువు ఉండేది కాదు.

మీరెవరో నాకు తెలీదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పబోతే నా నోరు తిన్నగా ఉండదు, మధ్యలో ఏదో ఒక వెటకారం దూరుతుంది. వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, చెప్పవలసింది లోపలే ఉండిపోతుంది. కాగితం నవ్వదు. నా పేరు రాయడం లేదు. మా తీరంలో ఎవరైనా చదివితే వాళ్ళకి నా పేరు అక్కర్లేదు. స్పానర్ల బక్కోడు అంటే చాలు.

నరసన్నపేట దాటాక హైవే మీంచి సముద్రం వైపు రోడ్డు తిరిగేచోట నాకొక షెడ్డు ఉంది. మాది వరి పండించే ఇల్లు. అందుకని నా చేతికి మొదట అలవాటైనవి ట్రాక్టర్లు, నీళ్ళ ఇంజన్లు. ఆ తర్వాత తీరం మీది ఊళ్ళవాళ్ళు పడవ ఇంజన్లు తేవడం మొదలుపెట్టారు. ఇంజను ఇంజనే గదా, నేలైతేనేం నీళ్ళైతేనేం అనుకున్నాను. అలా అనుకోవడంలోనే ఉంది నా కథంతా.

మా రైతుల వైపు ఒక ఉపాయం ఉంది. పొలంలో ట్రాక్టరు ట్యాంకు కారడం మొదలుపెడితే, ఇంట్లోంచి బట్టలసబ్బు తెప్పించి, పొడిగా ఉన్నప్పుడే కారేచోట గట్టిగా రుద్ది, బొటనవేలితో చీలికలోకి నొక్కుతాం. డీజిలుకి సబ్బు కరగదు. ఇంకా గట్టిపడి కూర్చుంటుంది. ఆ సబ్బుతోనే దుక్కి అంతా దున్నేసినవాళ్ళని ఎరుగుదును. నేనే ఎన్నో ట్యాంకులకి నొక్కాను. సబ్బు నొక్కి, నొక్కానని చెప్పి, తీరిక చూసుకుని వెల్డింగుకి తెమ్మనేవాణ్ణి. వాళ్ళు తెచ్చేవారు కాదు. సబ్బు ఆగినంతకాలం ఆగేది.

ఎర్రయ్య గురించి చెప్పాలి. ఫైబరు పడవకి డ్రైవరు. ఇంజను నడిపేదీ, డీజిలు పోసేదీ, ఒడ్డుకి వచ్చేటప్పుడు కెరటాల మధ్యలోంచి పడవని దాటించేదీ అతనే. పడవ అతనిదీ, అతని భార్య పోలమ్మ తమ్ముడు అప్పన్నదీ కలిపి. ఎర్రయ్య నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాణ్ణి. ఆ వరస పట్టుకుని పోలమ్మ నన్ను అన్నా అని పిలిచేది. కులాలు వేరు, ఊళ్ళు వేరు. మా వైపు వరసలకి ఇవేవీ అడ్డం రావు. వాళ్ళింట్లో కూర్చుంటే నా కంచంలో చేప ముక్కలు వేస్తూ, "ముల్లు ఏదో మా అన్న ఏదో తెలీట్నేదు, సూసుకుని తిను బాబూ" అనేది. నా మీద నాకంటే బాగా హాస్యమాడిన మనిషి ఆవిడొక్కర్తే.

ఎండాకాలం వేట నిషేధం ఆ రాత్రితో ముగుస్తుందనగా ఎర్రయ్య ట్యాంకు భుజాన పెట్టుకుని వచ్చాడు. రెండు నెలలు పడవలు ఇసకలో ఉంటాయి. ఉప్పుగాలి ఊరికే కూర్చోదు, ఇనప వస్తువు కనిపిస్తే తింటుంది. నిషేధం తీసిన రోజున గంగమ్మకి దండం పెట్టి పడవలన్నీ కలిసి నీళ్ళలోకి దిగుతాయి. ఆ రోజు ఒడ్డున ఉండిపోయిన పడవని చూసి ఊరంతా జాలిపడుతుంది. ఆ జాలి ఎవరికీ అక్కర్లేదు.

ట్యాంకు అడుగున డీజిలు దిగడానికి ఒక ఇత్తడి కుళాయి ఉంటుంది. కుళాయి బిగించుకోవడానికి ట్యాంకు రేకుకి ఒక ఇనప రింగు అతికించి ఉంటుంది. మర వదులై కారుతోందనుకుని తెచ్చాడు ఎర్రయ్య. మర అయితే నూలు చుట్టి బిగిస్తే అయిపోను. తుడిచి, గోటితో గీకి చూశాను. చీలిక రింగు అతుకులో ఉంది. వెంట్రుకంత. అక్కడ చుక్క ఊరుతోంది, నిలుస్తోంది, జారుతోంది.

దానికి చెయ్యవలసిన పని నాకు తెలుసు. తెలీదని అబద్ధం ఆడను. ట్యాంకు ఖాళీ చేసి, సోడా నీళ్ళతో కడిగి, లోపలి ఆవిరి పోయేదాకా ఎండలో పెట్టి, పాత రింగు తీసేసి, కొత్త రింగు ఇత్తడి వెల్డింగుతో అతకాలి. కడగకుండా మంట చూపిస్తే ట్యాంకు మనల్నే ఎత్తుకుపోతుంది. మర్నాడు మధ్యాహ్నం దాకా పడుతుంది. అంటే ఎర్రయ్య పడవ ఒడ్డున ఉండిపోతుంది. ఆ మాట చెప్పడమే నా పని. కష్టమైన మాట కూడా కాదు.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నకి నేను పెద్ద పెద్ద జవాబులు తయారుచేసుకున్నాను. అతని మొహం చూసి జాలేసిందని, ఒక్క రోజుకి ఏమవుతుందిలే అనుకున్నానని, పని ఒత్తిడిలో బుర్ర పనిచెయ్యలేదని. ఇవన్నీ రంగులు. అసలు సంగతి ఏమిటంటే, ఆ సాయంత్రం మా తోడల్లుడి ఇంట్లో గృహప్రవేశం భోజనాలు. మేకమాంసం. ఆలస్యంగా వెళ్తే ఎముకలు మిగులుతాయి. నేను మాటిమాటికీ రోడ్డుకేసి చూస్తూ ఆ ట్యాంకు పట్టుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండేది. మనిషి ప్రాణానికి ఎదురుగా త్రాసులో పెట్టడానికి నా దగ్గర ఉన్నది ఒక కంచం కూర.

బట్టలసబ్బు నొక్కాను. నున్నగా, ఒద్దికగా నొక్కాను, నా పనితనం అందులో చూపించాను. సబ్బు నీళ్ళకి కరుగుతుందని తెలియని మనిషి లోకంలో ఉంటాడా? ట్రాక్టరు ట్యాంకు మీద నీళ్ళు పడవు గనక మాకు ఆ ఆలోచనే రాదు, అలవాటు కొద్దీ చేసేశాను అని చెప్పుకోవచ్చు. ఎవరైనా నమ్ముతారు. కాని సబ్బు నొక్కాక నేనొక డబ్బా మూత తీశాను. సైలెన్సర్లకి పూసే వెండిరంగు. ఆ సబ్బు మీద, రింగు చుట్టూ, ఇత్తడి వెల్డింగు చేసి పైన రంగు వేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా పూశాను.

అలవాటు కొద్దీ చేసినవాడికి రంగు ఎందుకు?

అక్కడ దొరికిపోతాను నేను. ఎన్నిసార్లు తిప్పి ఆలోచించినా అక్కడే దొరికిపోతాను. సబ్బు తప్పు కాదు, దారిలో ఆగిపోయినవాణ్ణి ఇల్లు చేర్చే ఉపాయం. "సబ్బెట్టేను బావా, నీళ్ళలోకి దించకు" అంటే అది మంచి పనే అయ్యేది. రంగు పూసే చేతికి తెలుసు, కింద ఉన్నది చూపించకూడనిదని.

ఎర్రయ్య ట్యాంకు తీసుకుంటూ రింగు మీద వేలు పెట్టబోయాడు. రంగు తడిగా ఉందని వారించాను.

"ఎల్డింగేనా బావా ఇది?"

"మరేటి, ముగ్గేసేననుకున్నావా?"

"అది గాదు. కెరటం మీద పడతాది గదా. ఏటవదు గదా?"

"నీ పడవ సూసి కెరటమే పక్కకి తప్పుకుంటాది. నడు, నాకవతల కూరయిపోతన్నాది."

అతను నవ్వాడు. నేనెప్పుడు ఏమన్నా నవ్వేవాడు. ట్యాంకు భుజాన పెట్టుకుని వెళ్ళాడు. అతను అడిగాడు, గమనించారా? సూటిగా, సరిగ్గా ఏది అడగాలో అదే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు, హాస్యమాడాను. అబద్ధం కూడా పూర్తిగా ఆడలేదు చూడండి. అంత తెలివి.

మర్నాడు మధ్యాహ్నం కబురొచ్చింది. వేట నుంచి తిరిగొస్తూ ఒడ్డు దగ్గర కెరటాలు విరిగేచోట ఎర్రయ్య పడవ ఇంజను ఆగిపోయింది. సముద్రం మధ్యలో ఇంజను ఆగితే తేలుతూ ఉండొచ్చు, ఇంకో పడవ వచ్చి లాక్కెళ్తుంది. కెరటాల మధ్య ఆగితే పడవ అడ్డం తిరుగుతుంది, వెనక నుంచి వచ్చే కెరటం దాన్ని బోర్లా వేస్తుంది. జూన్ నెల కెరటాలు. ఎర్రయ్యా, కూలికి వచ్చిన ఇద్దరూ ఈదుకుంటూ బయటపడ్డారు. అప్పన్న వల కింద పడిపోయాడు. అతనికి వాళ్ళందరికంటే బాగా ఈత వచ్చు.

ఉప్పునీళ్ళు తాగిన ఇంజన్ని ఆ పూటే విప్పి కడగకపోతే అది మళ్ళీ పనికిరాదు. అందుకని శవం దగ్గరికి చుట్టాలు ఎలా వస్తారో ఇంజను దగ్గరికి మెకానిక్కు అలా వస్తాడు. నేను సామాన్ల సంచితో వెళ్ళాను. ఒడ్డున అప్పన్నని తెరచాప గుడ్డ మీద పడుకోబెట్టారు. పోలమ్మ తమ్ముడి జుట్టులోంచి ఇసక తీస్తోంది. ఏడవడం లేదు. ఒక్కొక్క రేణువూ ఏరుతోంది.

పడవ చుట్టూ మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరో ట్యాంకు మూత తీసి వంచారు. ఏమీ రాలేదు.

నేను వంగి కుళాయి దగ్గర చెయ్యి పెట్టాను. వెండిరంగు పొరలా ఊడి వేలాడుతోంది. దాని కింద తెల్లటి జిగురు, పిల్లల చీమిడిలా. అదీ ఒక పక్కనే. ఇంకో పక్క చీలిక కడిగిన పంటిలా శుభ్రంగా కనబడుతోంది. పొద్దున్నించీ కెరటం చిమ్మినప్పుడల్లా, పడవ అడుగున నీళ్ళు ఊగినప్పుడల్లా, సబ్బు కొంచెం కొంచెంగా కరిగింది. డీజిలు కొంచెం కొంచెంగా దిగింది. పడవలో డీజిలు వాసన ఎప్పుడూ ఉండేదే, ఎవరికి అనుమానం వస్తుంది? ట్యాంకు నిండా పోశానన్న ధైర్యంతో ఎర్రయ్య మూత తీసి చూసుకోలేదు.

బొటనవేలితో ఆ జిగురు తుడిచేశాను. రంగు పొర గోటితో లాగేశాను. సంచిలోంచి గ్రీజు తీసి, బోల్టుకి రాస్తున్నట్టుగా చీలిక మీద మెత్తాను. ఎవరూ చూడలేదు. చూసినా వాళ్ళకి అది మెకానిక్కు చేసే పనే.  

"నిండా పోసేను," అంటున్నాడు ఎర్రయ్య. తడి బట్టలతోనే ఉన్నాడు. "నిండా పోసేను. నిన్న సాయంత్రమే పోసేను."

"మరి డీజిలేటయిపోనాది?" అని అడిగారు ఎవరో.

అందరూ ట్యాంకుకేసి చూశారు. ట్యాంకు పక్కన నేనున్నాను. ఆ చూపులు నా చేతుల మీదికి జరుగుతున్నాయని నాకు అనిపించింది. నిజంగా జరిగాయో లేదో ఇప్పుడు చెప్పలేను. నా భయానికి నాకు తెలిసిన మందు ఒకటే. నోరు తెరిచాను.

"మా బావ సముద్రం మధ్యలో బంకెట్టీసినట్టున్నాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అలాంటి చోట. పెద్దగా కాదు, ముక్కులోంచి. నవ్వడానికి రాలేదు వాళ్ళెవరూ, పాపం, అలవాటు. నేను మాట్లాడితే నవ్వడం అలవాటు. ఆ నవ్వు ఆగిన తర్వాత ఒకడు ఇంకొకడికేసి చూశాడు. నిషేధం తీసిన రోజు డీజిలుకి ఎంత గిరాకీయో, ఒక పడవ నుంచి ఇంకో పడవకి ఎలా చేతులు మారుతుందో వాళ్ళందరికీ తెలుసు. డీజిలు పోసేటప్పుడు డ్రైవరు ఒక్కడే ఉంటాడు. నేను ఒక్క మాటే అన్నాను. మిగతాది వాళ్ళ బుర్రల్లో దానంతటదే నిండింది.

సాయంత్రానికి అది హాస్యం కాదు. అనుమానం. అప్పన్నని సాగనంపేసరికి అనుమానం కూడా కాదు.

ఊరి పెద్దలు ఎర్రయ్యని గంగమ్మ గుడి దగ్గర నిలబెట్టి ప్రమాణం చెయ్యమన్నారు. చేశాడు. ప్రమాణం చేసిన తీరు బాగోలేదన్నారు. గొంతు తడబడిందట. బామ్మర్దిని పోగొట్టుకున్న మనిషికి గొంతు తడబడకుండా ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. నేను ఆ గుంపులోనే ఉన్నాను. నేనూ అడగలేదు.

ట్యాంకు షెడ్డుకి తెచ్చాను. కడగాలని చెప్పి తెచ్చాను. ఈసారి నిజంగా సోడా నీళ్ళతో కడిగాను, ఎండలో పెట్టాను, నరసన్నపేట నుంచి గ్యాసు సిలిండరు తెప్పించి కొత్త రింగు ఇత్తడి వెల్డింగుతో అతికాను. పొంగు లేకుండా, సూదిమొనంత సందు లేకుండా. నా చేతి మీద అంత మంచి పని అంతకుముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు. దాన్ని కూడా ఉప్పునీళ్ళు పోసి, ఇసక రాసి పాతదిలా చేశాను.

ఎందుకంటే ఎర్రయ్య వస్తాడని తెలుసు. వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నా ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. నన్ను నిలదియ్యడానికి వచ్చిన మనిషిలా లేడు. మాట పడిన మనిషిలా ఉన్నాడు.

"బావా, తప్పనుకోకు. నువ్వు సేసినది గట్టిదే గదా?"

నేను లేచి ట్యాంకు తెచ్చి అతని ముందు బోర్లించాను. "సూడు. నువ్వే సూడు."

అతను వంగి చూశాడు. ఆ రోజు తాకనివ్వని చోట ఈసారి బొటనవేలు పెట్టాడు. అతుకు చుట్టూ మెల్లిగా తిప్పాడు. గట్టిగా ఉంది. ఉండదా మరి?

"గట్టిగానే ఉన్నాది," అన్నాడు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా, "అయితే నానే తక్కువ పోసేనేటో. తొందర్లో పోసేను. నిండిందనుకున్నానేటో."

ఇక్కడ ఆగాలి. ఇది మీకు అర్థం కావాలి. ఊరు అతన్ని దొంగ అంది, అది ఊరి పాపం అనుకోవచ్చు. సబ్బు కరిగింది, అది నా మేకమాంసం పాపం. కాని తన చేత్తో నిండా పోసిన మనిషి, నిండా పోశానని గంగమ్మ ముందు చెప్పిన మనిషి, నా వెల్డింగు చూసి తనని తను నమ్మడం మానేశాడు. నా కళ్ళముందే మానేశాడు. ఆ క్షణంలో ఒక్క మాట చాలు. నా నోట్లో మాటలకి ఎప్పుడూ కరువు లేదు. ఆ రోజు ఒక్కటి రాలేదు. 'ఆడి కోసం జైలుకెళ్తావా, షెడ్డు మూసుకుంటావా, పెళ్ళాం పిల్లలు ఏటవుతారు' అని లోపల ఎవడో గబగబా మాట్లాడుతూనే ఉన్నాడు. వాడికి నా గొంతే ఉంది.

"అలాగవుతాది ఒక్కొక్కసారి," అన్నాను.

అదే నేను అతన్ని ఓదార్చిన మాట.

ఆ పడవ మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఎర్రయ్య గుజరాత్ వైపు వెళ్ళిపోయాడు. మా తీరం నుంచి అక్కడి పెద్ద పడవల మీద కూలికి చాలామంది వెళ్తారు, వెళ్ళడం వింత కాదు. వింత ఏమిటంటే, ఇక్కడ డ్రైవరుగా ఉన్నవాడు అక్కడ వలలు లాగే పనే అడిగి తీసుకున్నాడట. ఇంజను ముట్టుకోనన్నాడట. ఏడాదికోసారి ఇంటికి వచ్చేవాడు. పోలమ్మ కంచంలో కూడు పెట్టేదని, మాట పెట్టేది కాదని ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవారు.

నేను మాత్రం బాగానే బతికాను. పడవ పనులు మానేశాను, ఉప్పు పని నా ఒంటికి పడదని చెప్పాను. "ఉన్న ఒళ్ళెంత, పడకపోడానికి?" అని అందరూ నవ్వారు. షెడ్డులో బట్టలసబ్బు ఉంచడం మానేశాను. ఇంట్లో మా ఆవిడ సబ్బునీళ్ళలో బట్టలు నానబెడితే, ఆ తెల్లటి నీళ్ళు నేలమీద పారుతుంటే, నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. నాకేదో పట్టింపు ఉందని ఆవిడ అనుకుంటుంది. నేను వేసిన హాస్యాలన్నీ రెండ్రోజుల్లో పాతబడిపోయేవి. ఆ ఒక్కటి పాతబడలేదు. అతని పేరుకి అతుక్కుపోయింది. బంకు ఎర్రయ్య. మొదట వెనకాల అనేవారు. తర్వాత ఎదురుగానే. తర్వాత అది తిట్టని కూడా ఎవరికీ గుర్తులేదు. అతని కూతురి పెళ్ళి శుభలేఖ ఇస్తూ మా జంక్షన్లో ఎవరో అన్నారు, బంకు ఎర్రయ్య గారి అమ్మాయి అని. ఎంతో మర్యాదగా అన్నారు.

కిందటేడు ఎర్రయ్య అక్కడే పోయాడు. గుండె ఆగిందన్నారు. అంబులెన్సులో రాష్ట్రాలు దాటించి తెచ్చారు. నేను వెళ్ళాను. ఊళ్ళోకి తిరిగే మలుపులో ఫ్లెక్సీ కట్టారు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఫొటో తీసేవాడు నవ్వమంటే నవ్వని మొహంతో ఎర్రయ్య. కింద పెద్ద అక్షరాలు: 'బంకు ఎర్రయ్య గారికి అశ్రునివాళి'.

కట్టినవాళ్ళ తప్పు కాదు. ఆ ఊళ్ళో ఎర్రయ్యలు చాలామంది ఉన్నారు. ఏ ఎర్రయ్యో తెలియాలి గదా. కుర్రాళ్ళు ప్రేమగానే వేయించారు, చుట్టూ గులాబీపూలు కూడా పెట్టించారు. చిన్నప్పటి నుంచి విన్న పేరు, ఎలా వచ్చిందో వాళ్ళకి తెలీదు. నేను బండి ఆపి ఆ ఫ్లెక్సీ కింద నిలబడ్డాను. ఒక భయంలో, ఒక్క ఊపిరిలో నేనన్న మాట. అది నాకంటే ఎత్తుగా, నాకంటే వెడల్పుగా, గాలికి కొట్టుకుంటోంది. పక్కన ఎవరో నన్ను చూసి, "ఏటి బక్కబావా, ఒక్క మాటా లేదేటి నీ కాడ ఈ రోజు?" అన్నారు.

లేదు.

దినాలయ్యాక వెళ్ళాను. పోలమ్మ ఇసకలో పరిచిన చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని, "రా అన్నా" అంది. అన్నా అంది. దారంతా నేర్చుకున్న మాటలు ఆ పిలుపుతో పోయాయి. ఇసకలో ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. నా నోరు, ఇన్నేళ్ళ తర్వాత, ఆ చోట కూడా, ఆ ఎండుచేపల్నీ నన్నూ కలిపి ఏదో అనబోయింది. పళ్ళ కింద నాలిక కొరుక్కున్నాను. అప్పుడు చెప్పాను. సబ్బు, రంగు, వేలితో తుడవడం, బంకు మాట, కొత్త వెల్డింగు. వరసగా, ఏదీ దాచకుండా. మేకమాంసం కూడా చెప్పాను.

ఆవిడ చేతులు ఆగలేదు. ఒక్కొక్క చేపా తీస్తోంది, తిరగేస్తోంది. తమ్ముడి జుట్టులో ఇసక ఏరినట్టే.

"ఇది కూడా ఏలాకోలమేనా?" అంది.

"కాదు."

"మీ బావ నీ కాడికొచ్చి అడిగేడా?"

"అడిగేడు."

"నువ్వేటి సూపించేవు?"

"ఎల్డింగు సూపించేను."

అప్పుడు ఆగాయి చేతులు. "తక్కువ పోసేనేటోనే అని నాతోటన్నాడు," అంది. "నీ కాడ నుంచొచ్చే అనుంటాడు. నాను ఒప్పుకున్నాడనుకున్నాను. అమ్మీసేడనే అనుకున్నాను. మరింక మాటాడనేదు ఆడితోటి."

నేనేం చెయ్యగలను? నన్ను కొట్టమన్నాను. తిట్టమన్నాను. ఊళ్ళోకి లాక్కెళ్ళమన్నాను. ఆవిడ ఏదైనా చేస్తే నాకు తేలిక అని ఆవిడకి తెలిసిపోయిందనుకుంటాను. ఏమీ చెయ్యలేదు. చెప్పడం వల్ల నాకు తేలికపడిందా? పడింది. అది దాచను. సిగ్గులేని తేలిక. రేకు ట్యాంకు భుజం మీంచి దించినట్టు. కాని దించి ఎక్కడ పెట్టాను? ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఇన్నేళ్ళు భర్తని దొంగ అనుకున్న మనిషికి, ఇప్పుడు ఇన్నేళ్ళు భర్తతో మాట్లాడని మనిషినన్న బరువు తెచ్చి ఇచ్చాను. ఇది మంచి పనో ఇంకో తప్పో నాకు తెలీదు. మీకు తెలిస్తే మీ దగ్గరే ఉంచండి.

లేచి నిలబడ్డాను. నాలుగడుగులు వేశాక వెనక నుంచి ఆవిడ మాట వినిపించింది. అన్నా అని పిలవలేదు. ఇంకెప్పుడూ పిలవదు.

"ఆ పేరు ఊళ్ళో ఒక్కొక్క నోట్లో ఎట్టినోడివి నువ్వే. ఒక్కొక్క నోట్లోంచీ నువ్వే తీసుకో. ఇల్లిల్లూ తిరుగు. అందరియీ అయిపోనాక ఆకర్ని నా కాడికి రా. నా నోట్లోనూ ఉన్నాది."